కొత్త గ్రాఫిక్స్ కార్డుకు మీ ఎస్‌ఎంపీఎస్ సరిపోతుందా: లేబుల్ నుంచి లెక్క దాకా

"నాది 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఈ కార్డు పెట్టొచ్చా?" గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకునేవాళ్లందరూ అడిగే ప్రశ్న ఇదే. ఆ ఒక్క అంకె చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. 450 వాట్లని రాసి ఉన్న రెండు ఎస్‌ఎంపీఎస్‌లు (గోడ కరెంటును మెషీన్ భాగాలకు కావలసిన వోల్టులకు మార్చి ఇచ్చే డబ్బాలు) పక్కపక్కన పెడితే, ఒకటి ఆర్‌టీఎక్స్ 5060 కార్డును ఏళ్ల తరబడి నడిపేస్తుంది, రెండోది గేమ్ లోడయ్యేలోపే చేతులెత్తేస్తుంది. ఆ తేడా అట్టపెట్టె మీద కనిపించదు. ఎస్‌ఎంపీఎస్ ఒంటి మీద అతికించిన లేబుల్‌లో, +12 వోల్టుల గడిలో ఉంటుంది. స్క్రూడ్రైవర్, టార్చి, ఫోన్ కెమెరా ఉంటే అరగంటలో సంగతి తేలిపోతుంది.

లేబుల్ చదవడం

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేయండి. పవర్ బటన్ ఓ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన చార్జి దిగిపోతుంది. ముందు నుంచి చూస్తే ఎడమవైపున్న పలక తీయండి. చాలా క్యాబినెట్లలో లేబుల్ కుడివైపుకు తిరిగి ఉంటుంది, అప్పుడు ఆ పలక కూడా తీయాలి. అప్పటికీ కనిపించకపోతే వెనకున్న నాలుగు స్క్రూలు విప్పి ఎస్‌ఎంపీఎస్‌ను కాస్త బయటికి జరిపి ఫొటో తీసుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. లోపలున్న పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసేసినా అది కొంతసేపు అలాగే నిలిచి ఉంటుంది.

లేబుల్ మీద చిన్న పట్టిక ఉంటుంది: +3.3, +5, +12, −12, స్టాండ్‌బై +5. ఒక్కోదాని కింద ఎన్ని యాంపియర్లు ఇవ్వగలదో రాసి ఉంటుంది. మనకు కావలసింది +12 గడి ఒక్కటే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు మొత్తం కరెంటును 12 వోల్టుల నుంచే లాగుతాయి. 3.3, 5 వోల్టుల మీద నడిచేవి ఎస్‌ఎస్‌డీలు, యూఎస్‌బీ, బోర్డు మీది చిన్నాచితకా చిప్పులు. మామూలు ఇంటి మెషీన్‌లో అవన్నీ కలిపినా యాభై వాట్లు దాటడం అరుదు.

యాంపియర్లను 12తో గుణించండి. సరైన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో +12 గడిలో 36 లేదా 37 యాంపియర్లుంటాయి. అంటే 432 నుంచి 444 వాట్లు. మొత్తం వాట్లకూ దీనికీ పెద్ద తేడా లేదు, అలాగే ఉండాలి. ఇప్పుడు అసెంబుల్డ్ మెషీన్లలో క్యాబినెట్‌తో పాటు "ఫ్రీ"గా వచ్చే రకం చూడండి. పైన పెద్దక్షరాల్లో 450 అని ఉంటుంది, +12 గడిలో 16 యాంపియర్లుంటాయి. గుణిస్తే 192 వాట్లు. మిగతాదంతా 5 వోల్టులకూ 3.3 వోల్టులకూ పంచేసి, కూడి, 450 అని అచ్చేశారన్నమాట. ప్రాసెసర్లు 5 వోల్టుల లైను మీద బతికిన రోజుల్లో ఆ పంపకానికి అర్థం ఉండేది. పెంటియం 4 వచ్చాక ప్రాసెసర్ కరెంటు 12 వోల్టులకు మారిపోయింది, దానికే బోర్డు మీద విడిగా నాలుగు పిన్నుల సాకెట్ పెట్టారు. ఇప్పుడా 5 వోల్టుల యాంపియర్లు ఎవరికీ అక్కరకు రావు. ఆ 192 వాట్లయినా నిజంగా వస్తాయన్న నమ్మకం పెట్టుకోకండి.

కొన్ని లేబుళ్లలో +12ను రెండుగా విడదీసి 12వీ1 కింద 18, 12వీ2 కింద 18 అని రాస్తారు. రెండూ కూడి 36 అనుకోకూడదు. వాటి కింద రెండింటికీ కలిపి ఎన్ని వాట్లో విడిగా రాసి ఉంటుంది. అది 360 అయితే మీకున్నవి 30 యాంపియర్లే. ఆ ఉమ్మడి అంకె ఎక్కడా లేకపోతే, లేదా "పీక్" (క్షణకాలం మాత్రమే ఇవ్వగలిగేది) అనే మాట పక్కన మాత్రమే వాట్లు కనిపిస్తే, ఆ ఎస్‌ఎంపీఎస్ మీద గ్రాఫిక్స్ కార్డు ఆశ వదులుకోండి.

ఎంత వేడిలో అన్ని వాట్లు ఇవ్వగలదన్నది కూడా కంపెనీ చెప్పాలి. మంచివాళ్లు 40 లేదా 50 డిగ్రీల దగ్గర కొలిచి చెబుతారు, కొందరు 25 డిగ్రీల దగ్గర కొలిచి ఊరుకుంటారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో క్యాబినెట్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకుంటే, 25 డిగ్రీల లెక్క మనకెందుకు పనికిరాదో అర్థమవుతుంది.

80 ప్లస్ గుర్తు గురించి ఒక్క మాట. బ్రాంజ్, గోల్డ్ అనేవి గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత వృథా అవుతుందో చెబుతాయి. ఎంత ఇవ్వగలదో చెప్పవు. 550 వాట్ల బ్రాంజ్ కూడా, 550 వాట్ల గోల్డ్ కూడా ఇచ్చేది 550 వాట్లే. గోల్డ్ తక్కువ వేడెక్కుతుంది, కరెంటు బిల్లు కాస్త తగ్గుతుంది. అయితే సర్టిఫికెట్ లేకుండానే ఆ బొమ్మ ముద్రించుకునే సరుకు కూడా మార్కెట్‌లో ఉంది. అనుమానముంటే 80 ప్లస్ వాళ్ల వెబ్‌సైట్ జాబితాలో మోడల్ నంబరు వెతకండి.

మెషీన్ లాగేదెంత

ఇప్పుడు రెండో వైపు లెక్క. ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లని రాసి ఉంటే దాన్నే లెక్కలో వేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇంటెల్ కోర్ ఐ5 12400ఎఫ్‌కు 65 అన్నది మామూలు స్థితి, టర్బోలో, అంటే పని ఎక్కువై వేగం పెంచుకున్నప్పుడు, 117 వాట్ల దాకా వెళ్తుంది. 13400ఎఫ్‌కు ఆ పైహద్దు 148. కోర్ ఐ7 14700కే అయితే 253. ఏఎండీ రైజెన్‌లలో 65 వాట్లని రాసినవి 88 దాకా, 105 అని రాసినవి 142 దాకా లాగగలవు. ఏఎమ్5 సాకెట్‌లో 170 అని రాసినవాటికి హద్దు 230. ఎప్పుడూ ఈ పై అంకెనే తీసుకోండి.

గ్రాఫిక్స్ కార్డులకు కంపెనీ ప్రకటించే బోర్డు పవర్ అంకెను లెక్కలో వేసుకోవచ్చు. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీకి 70 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060కి 115, ఆర్‌ఎక్స్ 6600కి 132, ఆర్‌టీఎక్స్ 5060కి 145, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 160, ఆర్‌టీఎక్స్ 5060 టీఐకి 180, ఆర్‌టీఎక్స్ 4070కి 200, ఆర్‌టీఎక్స్ 5070కి 250, ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి 304, ఆర్‌టీఎక్స్ 5080కి 360. ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కటే 575 లాగుతుంది. పేరు చివర ఓసీ (ఫ్యాక్టరీలోనే వేగం పెంచినది) అని ఉన్న మోడళ్లు వీటికంటే కొంచెం ఎక్కువ తీసుకోవచ్చు, ఆ మోడల్ పేజీ చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్లు మాత్రం ఇంకో విషయం గమనించాలి: పేరు ఒకటే అయినా అంకె మారవచ్చు. ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీకి 130 వాట్లు, 6 జీబీకి అందులో సగానికి కాస్త ఎక్కువ.

మదర్‌బోర్డు, ర్యామ్, ఒకటో రెండో ఎస్‌ఎస్‌డీలు, మూడు నాలుగు ఫ్యాన్లు కలిపి 50 వాట్లు వేసుకోండి. పాత 3.5 అంగుళాల హార్డ్‌డిస్క్ ఒక్కోదానికి నడుస్తున్నప్పుడు 6 నుంచి 8 వాట్లు పడుతుంది, తిరగడం మొదలెట్టే క్షణంలో 20 పైనే లాగుతుంది. లైట్లు, నీటి కూలరు ఉంటే మరో 15, 20.

ఒక లెక్క వేద్దాం. కోర్ ఐ5 12400ఎఫ్ మీద ఆర్‌టీఎక్స్ 5060 టీఐ పెట్టాలి. 117, 180, 50 కలిపితే 347 వాట్లు. ఎన్‌విడియా ఈ కార్డుకు 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలంటుంది. మధ్యలో అంత ఖాళీ ఎందుకు? ఒకటి, ఎదుటివాడి దగ్గర ఏ ప్రాసెసర్ ఉందో, ఏ రకం ఎస్‌ఎంపీఎస్ ఉందో కంపెనీకి తెలియదు కాబట్టి పెద్ద ప్రాసెసర్‌నే ఊహించుకుంటుంది. రెండోది అసలు కారణం: 180 అన్నది సగటు. గేమ్‌లో పేలుడు సీనో, లోడింగ్ అయిపోయి మెనూ వచ్చే క్షణమో వచ్చినప్పుడు కార్డు సెకనులో వెయ్యోవంతు, అంతకన్నా తక్కువ సేపు దాని సగటుకు రెట్టింపు దాకా గుంజగలదు. మీటర్లో అది కనిపించదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి రక్షణ సర్క్యూట్‌కు కనిపిస్తుంది.

2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు ఈ క్షణకాలపు గుంజుడు అందరికీ తెలిసొచ్చింది. లెక్కప్రకారం సరిపోవాల్సిన మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోయేవి. ఆ తర్వాత 2022లో ఇంటెల్ విడుదల చేసిన ఎస్‌ఎంపీఎస్‌లు ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ 3.0 నిబంధనల్లో, 450 వాట్లు దాటిన, 16 పిన్నుల కనెక్టర్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని పెట్టారు. పెద్ద కార్డు కొనేవాళ్లు ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అన్న మాట చూసి కొనడం అందుకే. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి చిన్న కార్డుకు ఆ పట్టింపు అక్కర్లేదు.

కాబట్టి మొత్తానికి ఎంత కలపాలి? కార్డు 200 వాట్ల లోపు అయితే మొత్తాన్ని 1.4తో గుణించండి. 300 దాటితే, లేదా ఎస్‌ఎంపీఎస్ ఏటీఎక్స్ 3 రాకముందుది అయితే 1.5తో. ఎస్‌ఎంపీఎస్ ఐదారేళ్లు వాడేసినదైతే, వారంటీ అయిపోయినదైతే దానికి ఇంకో 50 వాట్లు తగ్గించి చూసుకోండి, లోపలి కెపాసిటర్లు వేడికి అరిగిపోయి ఉంటాయి. పై ఉదాహరణలో 347ను 1.4తో గుణిస్తే 486. +12 మీద 40 యాంపియర్లు దాటి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ కావాలన్నమాట. నాణ్యమైన 500 సరిపోతుంది, 550 నిశ్చింత. 37 యాంపియర్ల మంచి 450 మీద కూడా ఇది నడుస్తుంది కానీ ఎండాకాలంలో ఇబ్బంది పెట్టవచ్చు, దానికి కింద ఒక ఉపాయం ఉంది. 16 యాంపియర్ల "450" మీద అసలు ప్రయత్నించకండి.

భయంతో 1000 వాట్లది కొనడం మరో రకం వృథా. ఆ డబ్బు పెట్టి ఒక మెట్టు పై కార్డు కొనుక్కోవచ్చు.

వాట్లు ఉన్నా వైరు లేకపోతే

లెక్క కుదిరాక కనెక్టర్ల సంగతి. కార్డు కూర్చునే స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి. 6 పిన్నుల కనెక్టర్ మరో 75, 8 పిన్నులది 150, కొత్త 16 పిన్నులది 600 దాకా ఇస్తాయి. కొనబోయే కార్డు ఫొటోలో అంచు మీద ఎన్ని పిన్నుల సాకెట్లున్నాయో చూసి, మీ ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వైర్లతో పోల్చండి. గ్రాఫిక్స్ వైరు చివర 6+2గా విడిపోయి ఉంటుంది, మీద పీసీఐఈ అని అచ్చు వేసి ఉంటుంది. 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది. రెండూ ఎనిమిది పిన్నులే అయినా 12 వోల్టులు, గ్రౌండు తలకిందులుగా ఉంటాయి. సాకెట్ ఆకారం వేరు కనుక మామూలుగా దూరదు. దూరడం లేదని బలంగా నొక్కి దూర్చేవాళ్లూ ఉన్నారు, కార్డు పోతుంది.

ఒకే వైరుకు వరసగా రెండు 6+2 తలలు ఉంటాయి. రెండు సాకెట్లున్న కార్డుకు ఆ రెండు తలలూ తగిలించవచ్చా? 200 వాట్ల దాకా ఫర్వాలేదు. 225 దాటిన కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు విడి వైర్లు వేయండి, రెండో తల ఊరికే వేలాడనివ్వండి. మొత్తం కరెంటు ఒకే వైరు మీద పడితే ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్గు వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోతుంది, కార్డు నల్ల తెర చూపిస్తుంది.

పీసీఐఈ వైరే లేని ఎస్‌ఎంపీఎస్‌కు వంద రూపాయల అడాప్టర్ తగిలించి పని గడిపేసే అలవాటు మంచిది కాదు. హార్డ్‌డిస్కులకు వెళ్లే సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులున్నాయి, ఒక్కోదానికి 1.5 యాంపియర్లు. అంతా కలిపి 54 వాట్లు. దాని నుంచి 6 పిన్నుల కనెక్టర్‌కు మార్చే అడాప్టర్ 75 వాట్లు ఇస్తానంటుంది, 8 పిన్నులది 150 ఇస్తానంటుంది. లెక్క మీరే వేయండి. ముందు తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత వాసన, తర్వాత పొగ. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి తీసుకునే అడాప్టర్ దీనికన్నా నయం, అది కూడా రెండు విడి మోలెక్స్ వైర్ల నుంచి తీసుకుని, 75 వాట్ల 6 పిన్నులకు మాత్రమే. అసలు విషయం ఏమిటంటే, తయారుచేసినవాడే పీసీఐఈ వైరు ఇవ్వలేదంటే ఆ ఎస్‌ఎంపీఎస్‌కు గ్రాఫిక్స్ కార్డును మోసే శక్తి లేదని వాడే చెప్పినట్టు.

వైర్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ వాడేవాళ్లు మరో ప్రమాదం గుర్తుంచుకోవాలి. వైరుకు కార్డు వైపున్న తల అందరికీ ఒకేలా ఉంటుంది, ఎస్‌ఎంపీఎస్ వైపు తలకు మాత్రం అందరూ పాటించే నియమం ఏదీ లేదు. ఒక కంపెనీ వైరు ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌లో చక్కగా కూర్చుంటుంది, కానీ 12 వోల్టులు రావాల్సిన చోట గ్రౌండు, 5 రావాల్సిన చోట 12 వస్తాయి. స్విచ్ వేయగానే హార్డ్‌డిస్కులన్నీ ఒకేసారి పోయిన సంఘటనలు ఎక్కువగా ఇలాంటివే. ఒకే కంపెనీలో రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు వైర్లన్నీ మార్చండి.

16 పిన్నుల కనెక్టర్‌కు ప్రత్యేక జాగ్రత్త కావాలి. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల మీద ఇది కరిగిపోయిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, పూర్తిగా లోపలికి దిగకపోవడం అందులో ఒక ముఖ్య కారణంగా తేలింది. గట్టిగా నొక్కాక టార్చి వేసి పక్క నుంచి చూడండి. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య సన్నటి గీతంత సందు కూడా కనబడకూడదు. కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల దాకా వైరును వంచకండి. క్యాబినెట్ అద్దం వైరును నొక్కుతుంటే అద్దం తీసి వాడుకోండి, లేదా వెడల్పాటి క్యాబినెట్ చూడండి. ఏటీఎక్స్ 3.1తో వచ్చిన సవరించిన కనెక్టర్‌లో చిన్న సెన్స్ పిన్నులను ఇంకా పొట్టిగా చేశారు, సరిగ్గా దిగకపోతే కార్డు పవర్ తీసుకోకుండా ఉండేలా. కార్డుతో వచ్చే అడాప్టర్‌కు రెండో మూడో 8 పిన్నుల తలలుంటే అన్నింటికీ విడివిడి వైర్లే ఇవ్వాలి.

రీఫర్బిష్డ్ ఆఫీసు మెషీన్లు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ మెషీన్లు చవగ్గా దొరుకుతాయి. వీటికి గ్రాఫిక్స్ కార్డు పెట్టి గేమింగ్ మెషీన్ చేద్దామనుకునే కుర్రాళ్లు చాలామంది. ఇక్కడ ఇబ్బంది వాట్లతో ఆగదు. చిన్న క్యాబినెట్ మోడళ్లలో ఎస్‌ఎంపీఎస్ 180 నుంచి 260 వాట్ల మధ్య ఉంటుంది, పీసీఐఈ వైరు ఉండదు. పైగా చాలా మోడళ్లలో మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, కంపెనీ సొంత 6, 8, 10 లేదా 14 పిన్నులది. బజారు ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టాలంటే ఆ మోడల్‌కు సరిపడే మార్పిడి వైరు కావాలి, ఆకారం కూడా ఆ చిన్న డబ్బాలో పట్టదు.

అలాంటి మెషీన్‌కు సరైన దారి విడిగా పవర్ అడగని కార్డు. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ 70 వాట్లతో స్లాట్ మీదే నడుస్తుంది. పాతవాటిలో జీటీఎక్స్ 1650లో కొన్ని మోడళ్లకు అదనపు కనెక్టర్ ఉండదు, కొన్నింటికి 6 పిన్నులు ఉంటాయి, చూసి తీసుకోండి. ఆర్‌ఎక్స్ 6400కు 53 వాట్లే చాలు, కానీ అది నాలుగు లేన్ల (డేటా దారుల) మీదే మాట్లాడుతుంది కాబట్టి పాత పీసీఐఈ 3.0 బోర్డుల్లో వేగం కోల్పోతుంది. చిన్న క్యాబినెట్‌కు సగం ఎత్తుండే లో ప్రొఫైల్ కార్డు కావాలి. కొనే ముందు ఆ మెషీన్ సర్వీస్ మాన్యువల్‌లో స్లాట్‌కు 75 కన్నా తక్కువ పరిమితి పెట్టారేమో చూడండి, కొన్ని మోడళ్లకు పెడతారు.

పెట్టాక పరీక్ష

కార్డు స్లాట్‌లో టక్కున కూర్చుని, వైర్లు బిగించి, డ్రైవర్ వేశాక, వెంటనే గేమ్‌లోకి దూకకండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి 12 వోల్టుల వరస, గ్రాఫిక్స్ కార్డు పవర్ వరస రెండూ కనిపించేలా పెట్టండి. ముందు ఫర్‌మార్క్ లాంటి గ్రాఫిక్స్ పరీక్ష పది నిమిషాలు. తర్వాత ప్రాసెసర్‌కూ కార్డుకూ ఒకేసారి లోడు పెట్టే ఓసీసీటీ పవర్ టెస్ట్ ఇరవై నిమిషాలు. కార్డులోంచి చదివే 12 వోల్టుల అంకె 11.4 కంటే కిందికి పోకూడదు, సాంప్రదాయ ఏటీఎక్స్ హద్దు 5 శాతం. మదర్‌బోర్డు చూపించే అంకె కొన్నిసార్లు తప్పుగా ఉంటుంది, అది 9 అనో 13 అనో చూపిస్తే భయపడే ముందు మల్టీమీటర్‌తో ఖాళీ మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు వైర్ల మధ్య కొలవండి.

ఈ పరీక్షలు పాసైనా సరే, ఎక్కువ ఊపులుండే అసలు గేమ్ ఒకటి గంటసేపు ఆడి చూడండి. ఫర్‌మార్క్ లోడు భారీగా ఉంటుంది కానీ స్థిరంగా ఉంటుంది. గేమ్‌లో లోడు క్షణానికోలా ఎగిరిపడుతుంది, ఎస్‌ఎంపీఎస్ దొరికిపోయేది అక్కడే.

ఏది ఎస్‌ఎంపీఎస్ తప్పు, ఏది కాదు? గేమ్ మధ్యలో మెషీన్ మొత్తం ఠక్కున ఆగిపోయి, వెనక స్విచ్ ఆపి మళ్లీ వేస్తే గానీ లేవకపోతే, అది రక్షణ సర్క్యూట్ పని. నీలి తెర కూడా చూపకుండా రీస్టార్ట్ అయి, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని రాసి ఉంటే ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం పడాలి, అయితే ఆ 41 అన్నది మెషీన్ సరిగా ఆపకుండా ఆగిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. తెర నల్లబడి కార్డు ఫ్యాన్లు పూర్తి వేగంతో హోరెత్తితే ముందు పీసీఐఈ వైర్లు తీసి మళ్లీ బిగించండి. తెర మీద రంగు చుక్కలు, గేమ్ ఒక్కటే మూసుకుపోవడం, నీలి తెర ఇవి సాధారణంగా డ్రైవర్, ర్యామ్, లేదా కార్డు గొడవలు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా పోవు. కార్డు నుంచి సన్నటి కీచుమనే శబ్దం వస్తే అది కాయిల్ మోత, చెవికి చిరాకే గానీ ప్రమాదం కాదు.

లెక్క అంచులో ఉన్నవాళ్లకు ఉపాయం పవర్ లిమిట్ తగ్గించడం. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ గీతను 100 నుంచి 80కి జరిపితే 180 వాట్ల కార్డు 144 దగ్గర ఆగుతుంది. ఫ్రేములు అంతగా తగ్గవు, చాలా గేముల్లో తేడా కంటికి కనపడదు. ఫ్రేమ్ రేటును మానిటర్ హెర్ట్జ్‌కు కట్టేస్తే ఊపులు ఇంకా తగ్గుతాయి. మెనూల్లో వందల ఫ్రేములు పరిగెత్తే గేములకు ఇది తప్పనిసరి. కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు సమకూరేదాకా ఇలా నడుపుకోవచ్చు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఈ ఉపాయం కాపాడదు.

ఎస్‌ఎంపీఎస్ మారిస్తే యూపీఎస్ సంగతీ చూసుకోండి

కార్డు పెరిగాక గోడ నుంచి లాగే కరెంటు పెరుగుతుంది, ఈ లెక్క చాలా ఇళ్లలో మరిచిపోతారు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లవే. పై ఉదాహరణలోని 347 వాట్ల మెషీన్ పూర్తి లోడులో గోడ దగ్గర 390, 400 దాకా లాగుతుంది, మానిటర్ మరో 30. కరెంటు ఉన్నంతసేపు అంతా బాగున్నట్టే ఉంటుంది, పోయిన క్షణంలో యూపీఎస్ కుయ్యిమని అరిచి ఆగిపోతుంది. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ పాడైందనుకుని మార్చినవాళ్లున్నారు. ఈ మెషీన్‌కు కనీసం 1000, 1100 వీఏ యూపీఎస్ కావాలి, వాట్ల అంకె 600 పైన ఉండాలి.

చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద నడిచేటప్పుడు మెట్లుమెట్లుగా ఉండే తరంగం ఇస్తాయి. నేటి ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే గోడ కరెంటును సమంగా లాగే యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్‌కు అది కొన్నిసార్లు పడదు, ఎక్కువ లోడులో ఉన్నప్పుడు మారే క్షణంలోనే మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. అలా జరుగుతుంటే ప్యూర్ సైన్ వేవ్ రకానికి మారడమే మార్గం. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే వెనకున్న స్విచ్ ఎకో మోడ్‌లో కాకుండా యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. పూర్తి లోడు మీద ఎస్‌ఎంపీఎస్ తన నిల్వతో 12 నుంచి 17 మిల్లీసెకన్ల పాటు మాత్రమే నెట్టుకొస్తుంది, ఎకో మోడ్ ఆలోపు మారదు.

ఎర్తింగ్ కూడా చూసుకోండి. ఉత్తకాళ్లతో నిలబడి క్యాబినెట్ వెనక రేకును ముట్టుకుంటే వేలికి జుమ్మంటుంటే, ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ వైరు లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు సగం వోల్టేజీని డబ్బా మీదికి వదులుతాయి, ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది. ఖరీదైన కార్డు బిగించే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య నాలుగైదు వోల్టుల లోపు వస్తోందో లేదో కొలిపించుకోండి.